ఏడు కోట్ల లీటర్ల నీళ్లు, ఒక వేపగింజ

మేత సంచులు నిండుగా తిరిగొచ్చాయి.

కైకలూరు దాటి కొల్లేటి వైపు దిగితే కనిపించే వందలాది చెరువుల్లో అదొకటి. పన్నెండెకరాలు, కౌలుది. తెల్లారకముందే పడవ మీద వెళ్లి, వరసగా పాతిన వెదురు కర్రలకు తవుడు సంచులు కట్టి రావడం అక్కడ రోజూ జరిగే పని. సంచుల అడుగున చిల్లులుంటాయి. శీలావతులు వచ్చి మూతులు ఆనించి తవుడు లాక్కుని తింటాయి. మధ్యాహ్నానికి సంచి ఖాళీ కావాలి. సంక్రాంతి వెళ్లాక ఒక రోజు, సంచుల్లో తవుడు తడిసి ముద్దై అలాగే ఉండిపోయింది. గట్టు వారన చేపలు ఒళ్లు ఒరుసుకుంటూ తిరుగుతున్నాయి. ఉన్నట్టుండి ఒకటి నీళ్లలోంచి ఎగిరి పక్కకు పడుతోంది.

రైతు వల వేయించాడు. పడిన వాటిలో ఒక బొచ్చెను తడిగుడ్డ మీద పడుకోబెట్టి, రెక్క ఎత్తి చూశాడు. రెక్క మొదట్లో చర్మం ఎర్రగా కందింది. ఆ ఎరుపు మీద అర సెంటీమీటరుండే జీవి ఒకటి బల్లపరుపుగా, అవతలి రంగు కనబడేంత పల్చగా అతుక్కుని ఉంది. గోటితో గీకబోతే తప్పించుకుని పొలుసుల మీద పరుగు తీసింది.

"పేను" అన్నాడు పడవ మనిషి.

"ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు."

పడవ మనిషి తోక దాకా వెళ్లకుండానే లెక్క ఆపేశాడు.

ఈ రైతు, బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో ఉండే ఆయన కూతురు ఏ ఒక్క ఇంటి మనుషులూ కారు. కొల్లేటి చుట్టూ చేపలు పెంచే ఇళ్లలోనూ, వాళ్ల పిల్లలు ఉద్యోగాలకు వచ్చి స్థిరపడిన బెంగళూరు తూర్పు పేటల్లోనూ నడిచే మాటలను కలిపి అల్లిన రెండు పాత్రలు. అందుకే వాళ్లకు పేర్లు పెట్టలేదు. పేను, మందు, నీళ్ల లెక్క, పరిశోధన చేసిన సంస్థలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

ఆ రాత్రి పదిన్నరకు ఫోను మోగేటప్పటికి కూతురు ఇంకా లాప్‌టాప్ ముందే ఉంది. ఐటీపీఎల్ రోడ్డుకు దగ్గర్లో, ఏఈసీఎస్ లేఔట్ దాటాక వాళ్ల అపార్ట్‌మెంటు. కిటికీ తీస్తే పక్క ఫ్లాట్లలోంచి సగం తెలుగే వినిపించే చోటు.

"అమ్మాయ్, పడుకున్నావా?"

"లేదు నాన్నా. ఏంటి ఈ టైములో?"

"చెరువుకు పేను పట్టింది. షాపులో మందు రాసిచ్చారు. రేపు పొద్దున్నే కొట్టించాలి. ఒక యాభై వేలు సర్దగలవా?"

డబ్బు గురించి ఆమె ఆలోచించలేదు. "ఏం మందు?" అంది.

ఆయన సీసా మీది పేరు చదివాడు. డెల్టామెత్రిన్. పశువులకు పట్టే గోమార్లను చంపడానికి తయారుచేసిన మందు. చేప పేనుకు వాడమని ఆ సీసా మీద ఎక్కడా ఉండదు. కానీ కృష్ణా, గోదావరి జిల్లాల చేపల చెరువుల్లో ఇదీ, దీని అన్నదమ్ములూ ఏళ్ల తరబడి నడుస్తున్నాయి.

"కలిపేదెవరు?"

"ఎవరు కలుపుతారమ్మా, మనవాడే."

మనవాడంటే పొద్దున లెక్క ఆపేసిన పడవ మనిషి. ఆమెకు చిన్నప్పుడు చూసిన ఒక సాయంత్రం గుర్తొచ్చింది. అతను మందు కలిపి వచ్చి, మొహం చురచురలాడుతోందని బోరింగు కింద తల పెట్టాడు. ఆ చురచుర ఈ జాతి మందులు చర్మానికి తగిలితే వచ్చేదే. నరాల మీద పనిచేసి పురుగును చంపే మందు, మనిషి చర్మం కింది నరాలనూ కాసేపు రేపి వదులుతుంది.

"నాన్నా, రెండు రోజులు ఆగలేవా?"

"పేను ఆగుతుందా?"

పేను ఆగదన్నది నిజం. దాని శాస్త్రీయ నామం అర్గులస్. తల వెంట్రుకల్లో ఉండే పేనుకూ దీనికీ చుట్టరికమే లేదు. ఇది రొయ్యకు, పీతకు దూరపు బంధువు. రెండు గుండ్రటి చూషకాలతో చేపను పట్టుకుని, సూదిలాంటి ముల్లు దింపి, చర్మం కింది ద్రవాన్నీ రక్తాన్నీ పీలుస్తుంది. పీల్చినదానికంటే పొడిచిన చోటు ఎక్కువ ప్రమాదం. ఆ పుండులోంచి బ్యాక్టీరియా లోపలికి పోతుంది, చేప మేత మానేస్తుంది, తూకం పడిపోతుంది, మచ్చలు పడిన చేపకు మార్కెట్లో ధర పలకదు. భువనేశ్వర్ దగ్గరి కౌసల్యాగంగలో ఉన్న కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఈ నష్టాన్ని అంచనా కట్టారు. హెక్టారు కార్పు చేపల చెరువుకు ఏడాదికి సుమారు 29,500 రూపాయలని తేల్చారు. పన్నెండెకరాలంటే దాదాపు అయిదు హెక్టార్లు. లక్షన్నర దగ్గరికి పోతుంది. కౌలు కట్టి, తవుడు అప్పు తెచ్చి చేపలు పెంచే మనిషికి ఆ లక్షన్నరే ఏడాది మిగులు కావచ్చు.

ఆ రాత్రి ఆమె నిద్రపోలేదు. ముంబైలోని కేంద్ర మత్స్య విద్యా సంస్థ పరిశోధకులు 2012లో ప్రచురించిన పని ఆమె కంటపడింది. గోల్డ్‌ఫిష్‌కు పట్టిన అర్గులస్ మీద వేపగింజలోని అజాడిరక్టిన్‌ను ప్రయోగించారు. మిరియాల ఘాటుకు మూలమైన పైపెరిన్‌ను కూడా విడిగా పరీక్షించారు. రెండూ పేలను చంపాయి. ఆ సంస్థకు కాకినాడలో ఒక కేంద్రం ఉంది. నాన్న ఎప్పుడో అక్కడికి శిక్షణకు వెళ్లొచ్చాడు కూడా. ఆమెకు పట్టలేనంత సంతోషం కలిగింది. తెల్లారి అయిదింటికే ఫోను చేసింది.

"నాన్నా, ఆ మందు కొట్టించొద్దు. వేప ఉంది. ఆకుమందు, ఎవరికీ ఏమీ కాదు."

అవతల కాసేపు మాట లేదు.

"అమ్మాయ్, మనం చెరువు ఎండగట్టకుండా పిల్ల వదిలినప్పుడు ముందు ఏం వేస్తాం?"

"ఇప్పచెక్క."

"ఎందుకు?"

ఆమెకు జవాబు తెలుసు. అందుకే నోరు పెగల్లేదు. ఇప్పగింజల నుంచి నూనె తీశాక మిగిలే చెక్కలో సాపోనిన్లుంటాయి. హెక్టారుకు రెండున్నర టన్నులు నీళ్లలో చల్లితే అవి చేప రక్తకణాలను పగలగొడతాయి. కొర్రమీను, జెల్ల, ఇంగిలాయి, చెరువులో ఉన్న పనికిరాని చేపలన్నీ తేలిపోతాయి. రెండు మూడు వారాలు గడిచి విషం విరిగితే గానీ కొత్త పిల్లను వదలకూడదు. ఆ తర్వాత అదే చెక్క ఎరువైపోతుంది.

"అదీ చెట్టుదే కదమ్మా" అన్నాడు ఆయన మెల్లగా. "చెట్టు నుంచి వచ్చింది కాబట్టి చేపకు ఏమీ కాదనుకుంటే చెరువంతా తెల్లారేసరికి తేలుతుంది. ఎంత వెయ్యాలో చెప్పు, అప్పుడు మాట్లాడదాం."

ఈ మాట నాకు విలువైనదిగా తోస్తుంది. మూలికా వైద్యం మీద మనకున్న ప్రేమ చాలాసార్లు మోతాదు అడగదు. కొల్లేటి రైతు అడుగుతాడు, ఎందుకంటే ఇప్పచెక్క ఆయనకు అది నేర్పింది. వేపనూనె, వేపాకు కషాయం కూడా మోతాదు మించితే చేప మొప్పలకు, రక్తానికి హాని చేస్తాయి. ముంబై పరిశోధకులు పేను మీద ప్రభావంతో ఆగకుండా, మందు తగిలాక చేప రక్తంలో ఏం మారిందో కూడా చూసింది అందుకే.

ఎంత వెయ్యాలన్న లెక్క ఆమె ఆఫీసుకు వెళ్లే దారిలో చేసింది. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. అయిదడుగుల లోతు. ఘనపుటడుగుకు 28 లీటర్ల పైచిలుకు. ఎకరానికి దాదాపు 62 లక్షల లీటర్ల నీళ్లు. పన్నెండెకరాలకు ఏడు కోట్ల నలభై లక్షల లీటర్లు. లీటరు నీటికి ఒక్క మిల్లీగ్రాము అజాడిరక్టిన్ చాలనుకున్నా, 74 కిలోల శుద్ధమైన పదార్థం కావాలి. పురుగుమందుల షాపులో దొరికే వేపమందుల్లో గాఢమైనదొకటి పదివేల పీపీఎం, అంటే ఒక్క శాతం. ఆ లెక్కన 7,400 లీటర్ల మందు. ప్రయోగశాలల్లో పేను చావడానికి కావలసివచ్చిన మోతాదు ఒక్క మిల్లీగ్రాముకు ఎన్నో రెట్లు. గింజలు తెచ్చి ఇంట్లోనే దంచుకుందామనుకున్నా, వేపపప్పులో ఈ పదార్థం సాధారణంగా అర శాతం లోపే. మొత్తం పిండుకోగలిగినా, ఒక్క చెరువుకు ఒక్కసారికి పదిహేను టన్నుల పైనే పప్పు కావాలి.

మెట్రో కుందలహళ్లి దాటి పట్టందూరు అగ్రహారం చేరేసరికి ఆమె ఫోను మూసి సంచిలో వేసేసింది. గాజుతొట్టెలో నెగ్గిన మందు చెరువులో ఎందుకు కనబడదో ఆ అంకెల్లోనే ఉంది. ఈ విషయం మీద ఉత్సాహంగా రాసేవాళ్లలో ఎక్కువమంది ఈ గుణకారం చేయరు. అది చేయని సలహా రైతుకు పనికిరాదు.

చెరువు మీద మందు కొట్టడం ఆగలేదు. చేపలు చావడం మొదలైంది, ఆయన ఇక ఆగలేకపోయాడు. కూతురి పట్టు మీద ఒక్కటి మారింది. కలిపే మనిషికి చేతి తొడుగులు, మొహానికి ముసుగు వచ్చాయి. పేలు రాలిపోయాయి. దాంతోపాటు నీళ్లలో ఈదే సన్న జీవాలు, డాఫ్నియా వంటివి కూడా పోయాయి. అవీ అర్గులస్ మాదిరిగా రొయ్య జాతివే కాబట్టి మందుకు తేడా తెలియదు. బొచ్చె చేప తిని బతికేది ఆ సన్న జీవాల మీదే. పేను చచ్చిందన్న సంతోషంలో బొచ్చె మేతను చంపుకున్నామని ఆ వారం ఎవరూ గమనించరు, పట్టుబడి నాడు తూకంలో కనబడుతుంది. అలాంటి చెరువు నీరు వదిలితే కాలవలో పడి, ఉప్పుటేరు దాకా పోతుంది. ఆ దారి పొడుగునా రొయ్యలున్నాయి.

"మూడు వారాల్లో మళ్లీ ఇంకో డోసు వెయ్యాలట" అన్నాడు తండ్రి ఫోనులో. "గుడ్లు చావవంట."

ఆ రెండో సీసా గురించే ఇక్కడి నుంచి కథంతా.

ఆమె ఉండే అపార్ట్‌మెంటులో కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్న ఒక నెల్లూరు పెద్దాయన ఉన్నారు. మత్స్యశాఖలో పనిచేసి రిటైరయ్యారు. పొద్దున్నే కుందలహళ్లి చెరువు గట్టు మీద నడుస్తారు. చెరువును చూసే కన్ను ఆయనదింకా మారలేదు. నీటి రంగు చూసి ఆక్సిజన్ ఎంతుంటుందో చెబుతారు. వర్తూరు చెరువు నురగలు రోడ్డు మీదికి వచ్చిన సంవత్సరాల గురించి అడిగితే మాట మార్చేస్తారు. ఒక శనివారం ఆమె ఆయనతో కలిసి నడుస్తూ లెక్క మొత్తం చెప్పింది.

"ఏడు కోట్ల లీటర్లా!" అని ఆయన నిలబడిపోయారు. "అమ్మా, మీ నాన్నగారి చేతిలో ఉన్న సీసా కూడా ఒకప్పుడు పువ్వే, తెలుసా?"

పైరెత్రం. తెల్లటి చామంతి జాతి పువ్వు. దాన్ని ఎండబెట్టి పొడి చేస్తే పురుగులు చస్తాయని మనిషికి చాలాకాలంగా తెలుసు. ఒకటే ఇబ్బంది, ఎండ తగిలితే గంటల్లో విరిగిపోతుంది. పొలంలో అది నిలవాలని ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో మైకేల్ ఎలియట్ బృందం ఆ పదార్థపు నిర్మాణాన్ని మార్చుకుంటూ పోయింది. 1973లో పెర్మెత్రిన్, మరుసటి ఏడు డెల్టామెత్రిన్ వచ్చాయి. ఎండకు చెక్కుచెదరవు. చాలా తక్కువ మోతాదులో చంపుతాయి. ఎకరాల కొద్దీ నీటికి ఒక చిన్న సీసా సరిపోతున్నది ఆ బలంతోనే. సాలమన్ చేపలను పట్టే సముద్రపు పేనుపై నార్వేలోనూ ఈ మందులు వాడారు. కొన్నేళ్లకు పేలు వాటికి లొంగడం మానేశాయి. అక్కడి రైతులిప్పుడు పేలను ఏరి తినే చిన్న చేపలను కూడా అదే వలలో వదులుతున్నారు, గోరువెచ్చటి నీళ్లలో సాలమన్‌లను ముంచి తీస్తున్నారు.

"వేపమందుకు ఉన్న లోపం ఏంటి?" అని అడిగారు పెద్దాయన.

"ఎండకు విరిగిపోతుంది. నీళ్లలో ఎక్కువ రోజులు నిలవదు."

"అది పొలానికి లోపం. చెరువుకు?"

ఆమె ఆలోచనలో పడింది.

నా వరకు ఈ మొత్తం విషయంలో గట్టి మాట ఇదే. పొలంలో మందు నిలవాలి. చేపను పెంచే నీళ్లలో, ఆ చేపను రేపు మనిషి తింటాడు కాబట్టి, మందు తన పని చేసి పోవాలి. యాభై ఏళ్ల కింద ఏ గుణం కోసం ఆ పువ్వును మార్చుకున్నామో అదే గుణం నీళ్లలో మనకు ఎదురుతిరిగింది. విరిగిపోవడం వేపకు చెరువులో ఉన్న యోగ్యత. దాన్ని వాడుకునే చోటు తెలియాలి, అంతే. ఏడు కోట్ల లీటర్లలో అది చేతకాదు. ఐదువందల లీటర్ల తొట్టెలో చేతనవుతుంది.

"చెరువులోకి పేను ఎలా వచ్చిందో అడుగు మీ నాన్నగారిని" అన్నారు పెద్దాయన. "రెండోది, గుడ్లు ఎక్కడ పెడుతున్నాయో చూడమను. అర్గులస్ ఆడది చేపను వదిలి వెళ్లి, గట్టిగా ఉన్నదాని మీదే గుడ్లు పెడుతుంది. రాయి, చెక్క, కర్ర. ఒండ్రులో పెట్టదు. కొల్లేట్లో రాళ్లెక్కడున్నాయి?"

ఆమె అక్కడే గట్టు మీద నిలబడి ఫోను చేసింది.

"నాన్నా, మేత సంచుల కర్ర ఒకటి పీకించి చూడు. నీళ్లలో మునిగి ఉండే భాగం."

అరగంటకు ఫోటో వచ్చింది. నాచు తుడిచిన వెదురు మీద, జిగురుతో అంటించిన పసుపుపచ్చటి వరసలు. ఒక్కో వరసలో పదుల కొద్దీ గుడ్లు. చెరువంతా ఒండ్రు మట్టి. అందులో గట్టిదనేది వందలాది వెదురు కర్రలే. చేపలన్నీ రోజూ వచ్చి మూగేదీ ఆ కర్రల దగ్గరే. పేనుకు అంతకంటే ఏం కావాలి? పురిటిల్లు, వంటిల్లు ఒకే చోట కట్టించి ఇచ్చినట్టయింది.

ఉత్తర ఐర్లాండులో ట్రౌట్ చేపలున్న ఒక చెరువులో ఇదే స్వభావాన్ని వాడుకున్నారు. నీళ్లలో పలకలు వేలాడదీసి, వాటి మీద పేలు గుడ్లు పెట్టాక తీసి శుభ్రం చేసి మళ్లీ వేశారు. ఆ పని 2002లో శాస్త్రపత్రికలో వచ్చింది. రసాయనం ఏమీ లేదు.

"కర్రలు వంతులవారీగా తీసి ఎండబెట్టాలి నాన్నా. గుడ్లు పొదగడానికి మన వేడికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆ లోపల ప్రతి కర్రా ఒకసారి బయటికి వచ్చి ఎండలో పడాలి. దానికి బదులు వేరే కర్ర పాతాలి. నడుమ నడుమ రెండు చెక్క పలకలు కూడా వేలాడదీయి, వాటినీ అలాగే తీయాలి."

"కూలీ ఎంతవుతుందో తెలుసా?"

"రెండో సీసా ధర ఎంత?"

తండ్రి నవ్వలేదు. లెక్క వేసుకున్నాడు. కూలీయే ఎక్కువ తేలింది. అయినా కర్రలు తీయించాడు. ఎందుకని కూతురు తర్వాత అడిగితే ఆయన 2018 జూలై సంగతి చెప్పాడు. చేప చెడిపోకుండా ఫార్మాలిన్ కలుపుతున్నారన్న భయంతో అస్సాం ప్రభుత్వం పది రోజులు బయటి రాష్ట్రాల చేపను ఆపేసింది. ఆంధ్రా లారీలు దారిలో నిలబడిపోయాయి. పట్టిన చేపకు కొనేవాడు లేడు. పాడైపోకుండా ఐసు మీద ఐసు పోస్తూ కూర్చున్న ఆ రోజులు ఆయనకు మరుపు రాలేదు. మన చేపలో మందుందని అవతలివాడు ఒక్కసారి నమ్మితే, నిజం చెప్పుకునే వ్యవధి కూడా రైతుకు దొరకదు.

పెద్దాయన అడిగిన మొదటి ప్రశ్నకు జవాబు సులువుగానే తెలిసింది. పేను చేపపిల్లతోపాటే వచ్చింది. కొల్లేటి రైతులు వేలెడంత పిల్లను వదలరు. నారు చెరువులో కిక్కిరిసి ఉంచి, ఏడాది పాటు ఎదగనీయకుండా ఆపిన పెద్ద పిల్లను కొంటారు. అది పెద్ద చెరువులో పడగానే జోరుగా పెరుగుతుంది. కిక్కిరిసి ఉన్న చోట పేను ఒకదాని నుంచి ఒకదానికి పాకడం ఎంతసేపు? కొన్న పిల్లతో పాటు పేనునూ లారీ ఎక్కించి తెచ్చుకుంటున్నారన్నమాట.

వేపకు చోటు దొరికింది ఇక్కడే. పిల్ల లారీ దిగాక, చెరువులో పడకముందు, తొట్టెలో కొద్దిసేపు. నీళ్లు వందల లీటర్లు, మందు మిల్లీలీటర్లు. వాడిన నీళ్లు గట్టు మీది మట్టిలో పోసేయొచ్చు. అజాడిరక్టిన్ పురుగుల్లో కుబుసం విడిచే హార్మోనును చెదరగొడుతుంది. అర్గులస్ కూడా ఎదిగే దారిలో పలుమార్లు కుబుసం విడవాల్సిన జీవే. పెద్ద పేనును పట్టు వదిలించడం ఒక లాభమైతే, కంటికి కనిపించని పిల్ల పేను ఎదగకుండా ఆపడం ఇంకొక లాభమని ఆశ.

పురుగుమందుల షాపు సీసా వద్దన్నారు పెద్దాయన. అందులో వేప ఒక్కటే ఉండదు, నూనెను నీళ్లలో కలిపే ద్రావణాలుంటాయి, అవి మొప్పలను కాల్చొచ్చు. తండ్రికి వేపగింజల కషాయం కొత్త కాదు. వరికి, మిరపకు అయిదు శాతం కషాయం కొట్టిన తరం ఆయనది. అప్పటి ఖమ్మం జిల్లా పునుకులలో పత్తి రైతులు 2000 తర్వాతి ఏళ్లలో పురుగుమందు పూర్తిగా మానేసి ఊరి పేరు దేశమంతా తెలిసేలా చేసినప్పుడు వాళ్ల చేతిలో ఉన్నదీ ఆ కషాయమే. ఆ గింజ విలువ బయటివాళ్లకూ తెలుసు. అమెరికా కంపెనీ డబ్ల్యూ.ఆర్. గ్రేస్ కోసం బెంగళూరు పక్కన తుమకూరులో వేపగింజలు ఆడే కర్మాగారం నడిచింది. ఆ కంపెనీకి, అమెరికా వ్యవసాయ శాఖకు కలిపి ఐరోపా ఇచ్చిన వేప పేటెంటును వందనా శివ, మరికొందరు సవాలు చేస్తే 2000 మేలో మ్యూనిక్‌లో రద్దయింది. అప్పీలు 2005 మార్చిలో కొట్టేశారు. మన పెరట్లో రాలే గింజ మీద అంత పోరాటం జరిగింది. దాన్ని తొట్టెలో కలిపే మోతాదు మాత్రం మనమే ఇంకా ఊరూరా తేల్చుకోవాలి.

తర్వాతి పిల్ల లారీ వచ్చిన రాత్రి కూతురు బ్రూక్‌ఫీల్డ్ నుంచి వీడియో కాల్‌లో ఉంది.

"దించేద్దామండీ, పిల్ల చచ్చిపోద్ది" అంటున్నాడు డ్రైవరు. ఇంకో చెరువుకు పోవాలి అతను.

"ముందు పది దించు" అన్నాడు రైతు.

పది పిల్లలను విడిగా ఒక టబ్బులో వేశారు. వడగట్టిన కషాయం కొలిచి పోశారు. గాలి పంపు పెట్టారు. మిగతా పిల్ల లారీ తొట్టెల్లోనే ఆక్సిజన్ మీద ఉంది. డ్రైవరు గొంతు పెద్దది చేశాడు. రైతు అతనికి వెయిటింగు డబ్బులిస్తానని చెప్పి టబ్బు పక్కన చతికిలబడ్డాడు. చేప పక్కకు ఒరిగితే, మొప్పలు వేగంగా కొట్టుకుంటే, వెంటనే మంచినీళ్లలోకి మార్చాలని ముందే అనుకున్నారు.

"ఎలా ఉన్నాయి నాన్నా?"

"ఒకటి కొంచెం తేడాగా ఉంది."

"తీసెయ్. కషాయం పల్చన చెయ్."

నీళ్లు కలిపారు. మళ్లీ చూశారు. ఒరిగిన పిల్ల మంచినీళ్లలో తేరుకుంది. పల్చటి నీళ్లలో మిగతావి నిలకడగా తిరిగాయి. టార్చి వేసి చూస్తే టబ్బు అడుగున పేలు కనిపించాయి. కొన్ని కదలడం లేదు, కొన్ని కాళ్లాడిస్తున్నాయి. చేప ఒంటి మీద ఇంకా ఒకటో రెండో పట్టుకునే ఉన్నాయి.

"పూర్తిగా పోలేదమ్మా."

"పూర్తిగా పోవు నాన్నా. చెరువులోకి పోయేవి తగ్గితే చాలు."

ఆ తర్వాతే డ్రైవరు చేత పిల్లను దింపించి, పల్చటి కషాయం తొట్టెలో ముంచి చెరువులో వదిలారు. లారీ వెళ్లేసరికి తెల్లారుతోంది.

పెద్ద చెరువు విషయానికొస్తే, మూడు వారాలకు వల వేసి చూశారు. పేలున్నాయి. మొదటి రోజు పడవ మనిషి లెక్క ఆపేసినంత లేవు. ఒక్కో చేపకు ఒకటి, రెండు, కొన్నింటికి అసలు లేవు. షాపతను ఫోను చేసి రెండో డోసు గడువు దాటిపోతోందని గుర్తుచేశాడు. రైతు సీసా తీయలేదు. కర్రలు తీయించడం ఆపలేదు. వారానికోసారి పది చేపల మీద పేలు లెక్కపెట్టి రాసుకోమని కూతురు చెప్పింది. లెక్క పెరుగుతూ పోతే అప్పుడు మందు సంగతి ఆలోచిద్దామంది. పడవ మనిషి ఆ లెక్కను తవుడు పద్దు పుస్తకం వెనక పేజీల్లో రాస్తున్నాడు. లెక్కపెట్టడంలో ఇప్పుడు అతనికి మించినవాడు ఆ గట్టు మీద లేడు.

కొత్త తంటా ఒకటి మిగిలింది. ఆ చెరువుకు నీళ్లొచ్చే కాలవ మీదే ఇంకో నాలుగు చెరువులున్నాయి. పట్టుబడి వలలు ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు ఎండకుండానే పోతాయి. పొదిగిన పేను పిల్ల మిల్లీమీటరు కూడా ఉండదు, తూము దగ్గర కట్టిన వల దాన్ని ఆపదు. ఒక్క చెరువులో కర్రలు ఎండబెట్టి పక్క చెరువులో ఎండబెట్టకపోతే చేసిన పని నీళ్లపాలే.

"వాళ్లతో మాట్లాడావా?" అని అడిగింది కూతురు.

"మాట్లాడా. ఇద్దరు కర్రలు తీయిస్తామన్నారు. ఒకాయన కూలీ దండగన్నాడు. ఇంకొకాయన వేపగింజలు ఎక్కడ దొరుకుతాయని అడిగాడు."

"గింజలు జూన్‌లో కదా రాలేది."

"అదే చెప్పా. ఈ ఏడు రాలినవి ఊడ్చి కుప్పేయకుండా నీడన ఆరబెట్టమన్నా. తడి గింజకు బూజు పడితే కషాయానికి పనికిరాదు కదా. నువ్వు ఆ పెద్దాయన్ని ఇంకోటి అడుగు. మేతలో కలిపి పెడితే పనిచేస్తుందేమో, చేప తింటుందో లేదో. చేదు కదా."

"అడుగుతా. విజయవాడలో భువనేశ్వర్ వాళ్ల కేంద్రం ఉంది నాన్నా, అక్కడా ఒకసారి అడిగి రా."

"వెళ్తా. ముందు వలలు ఎండబెట్టే సంగతి వీళ్లతో తేల్చుకోవాలి. ఆదివారం నలుగుర్నీ చెరువు మీదికి రమ్మన్నా. నువ్వు కూడా ఆ టైముకు ఫోనులో ఉండు. ఎకరానికి ఎన్ని లీటర్లో నువ్వే చెప్పాలి, నేను చెబితే నమ్మరు."